ఎలుకలు చచ్చి పడుతుంటే ముందు ఏం చేయాలి? ప్లేగు మీద మీ ప్రశ్నలు

గత నెల ఇదే పేజీలో ఎలుక జ్వరం గురించి రాస్తూ ప్లేగు మాట ఒక్క వాక్యంలో ఎత్తాను. జ్వరం సంగతి వదిలేసి అందరూ ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నారు. వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఆసక్తితో రాసినవి, ఎక్కువ భాగం భయంతో రాసినవి. అందుకే ఈసారి షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పుల ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, 1994లో మా నాన్న సూరత్‌లో పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాడు. ప్లేగు అన్న మాట వినగానే అమ్మని, మమ్మల్ని తీసుకుని దొరికిన రైలెక్కి వచ్చేశాడు. ఊళ్లోకి రానివ్వలేదు. ఊరి బయట బావి దగ్గర పశువుల కొట్టంలో ఉన్నాం, అన్నం తెచ్చి దూరంగా పెట్టి పోయేవాళ్లు. మాకెవరికీ ఏ జబ్బూ రాలేదు. ఇప్పటికీ ఆ సంగతి వస్తే నాన్న కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. అసలు అక్కడ వచ్చింది ప్లేగేనా? కాదని కూడా అప్పట్లో పెద్ద పెద్ద డాక్టర్లు అన్నారట కదా? — ఒక పాఠకుడు, సిరిసిల్ల

జవాబు: ప్లేగే బాబూ. అనుమానం రావడానికి మాత్రం గట్టి కారణాలే ఉన్నాయి. మన దేశంలో అంతకుముందు ప్లేగు కేసు కనబడింది 1966లో, కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు ఒక్క కేసు లేదు. అంటే 1994లో డ్యూటీలో ఉన్న డాక్టర్లలో చాలామందికి అది పుస్తకంలో చదివిన జబ్బే తప్ప కళ్లతో చూసింది కాదు. పైగా జనం ముందే టెట్రాసైక్లిన్ మింగి ఆస్పత్రికి వచ్చారు, మందు పడ్డాక తీసిన శాంపిల్‌లో క్రిమి పెరగదు, ల్యాబ్ వాళ్లు ఏమీ దొరకలేదంటారు, దాంతో అది ప్లేగు కాదేమోనన్న మాట పుడుతుంది. దీన్ని తేల్చడానికి కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి పెద్ద మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. ఆ కమిటీ ప్లేగేనని తేల్చింది. తర్వాత 2000లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అప్పటి క్రిమి జన్యువుల్ని పరీక్షించి అది యెర్సీనియా పెస్టిస్ అని, అంటే ప్లేగు బ్యాక్టీరియానే అని నిరూపించారు. కాబట్టి ఆ వాదన ఇక అనవసరం.

జరిగింది క్రమంగా చెబుతాను. 1993 సెప్టెంబరు 30న లాతూరు భూకంపం వచ్చింది. కూలిపోయిన, వదిలేసిన ఇళ్లలో ధాన్యం ఉండిపోయింది, ఎలుకలు విపరీతంగా పెరిగాయి. మరుసటి ఏడాది ఆగస్టులో పక్కనే ఉన్న బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో గజ్జల్లో బిళ్లలు కట్టే రకం ప్లేగు కనబడింది. సెప్టెంబరులో సూరత్‌లో, తాపీ నది వరద తీశాక, చెత్తా చచ్చిన పశువులూ పేరుకుపోయిన వేద్ రోడ్ లాంటి బస్తీల్లో ఊపిరితిత్తుల ప్లేగు మొదలైంది. రెండూ ఒకే క్రిమి చేసేవే, కానీ రెండో రకం దగ్గు తుంపర్లతో మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది, గంటల్లో ముదురుతుంది. నాలుగైదు రోజుల్లో లక్షల మంది ఊరు వదిలారు. ప్రైవేటు డాక్టర్లు కూడా క్లినిక్‌లకు తాళాలు వేసి వెళ్లిపోయారు, మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ లేకుండా పోయింది, గల్ఫ్ దేశాలు విమానాలు ఆపేశాయి. ఇంతా చేస్తే దేశం మొత్తం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకి వచ్చిన అనుమానిత కేసులు 876, మరణాలు 54. చిన్న సంఖ్య అని నేననను, ఆ యాభై నాలుగు ఇళ్ల వాళ్లకి అది చిన్నది కాదు. కానీ సమయానికి మందు పడితే ప్లేగు ఆగుతుందని సూరత్ సివిల్ ఆస్పత్రిలో అందరూ కళ్లారా చూశారు.

ఇక మీ నాన్నగారి విషయం. ఊపిరితిత్తుల ప్లేగు సోకితే ఒకటి నుంచి నాలుగు రోజుల్లో, బిళ్లల రకం అయితే ఎనిమిది రోజుల్లోపే బయటపడుతుంది. కాబట్టి సూరత్ నుంచి వచ్చినవాళ్లని వారం రోజులు కనిపెట్టి చూడటం సబబే. అయితే కనిపెట్టి చూడటం వేరు, కొట్టంలో పడేయడం వేరు. రోజుకి రెండుసార్లు జ్వరం చూసే నర్సు ఉండాలి, ముందుజాగ్రత్త మాత్రలు ఇవ్వాలి, చిన్నపిల్లలకి పాలు, దుప్పట్లు అందాలి, వీటిలో ఏ ఒక్కటీ లేకుండా దూరం నుంచి అన్నం పెట్టి పోవడం వైద్యం కాదు. మీ నాన్న పారిపోయి వచ్చాడని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. డాక్టర్లే వెళ్లిపోయిన ఊళ్లో మగ్గం పనివాడు భార్యాబిడ్డలతో ఎవరి భరోసాతో కూర్చుంటాడు? ఆయనకి జ్వరం లేదు, దగ్గు లేదు, ఎవరికీ ఏ అపకారం చేయలేదు. ఈ మాట నేను రాశానని ఆయనకి చదివి వినిపించండి.

ప్రశ్న: సార్, నేను రైస్ మిల్లులో గుమాస్తాని. పది రోజులుగా గోడౌన్‌లో బస్తాల మధ్య ఎలుకలు, పందికొక్కులు చచ్చి కనబడుతున్నాయి. హమాలీలు తోక పట్టుకుని బయటికి విసిరేస్తున్నారు. మా ఓనరు ఇంకా గట్టి మందు పెట్టించమంటున్నారు. భయపడాలా? — ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఒక్కటి కనుక్కోండి. ఈ నెల రోజుల్లో మీ గోడౌన్‌లో గానీ, చుట్టుపక్కల మిల్లుల్లో, పొలాల్లో గానీ ఎవరైనా ఎలుకల మందు పెట్టారా? పెట్టి ఉంటే, వంద చోట్ల జరిగితే తొంభై తొమ్మిది చోట్ల కారణం అదే. మందు తిన్న ఎలుక అక్కడే చావాలని లేదు, రోజుల తర్వాత కూడా పక్క గోడౌన్‌లోకి వచ్చి చస్తుంది.

ఎవరూ మందు పెట్టలేదు, అయినా వరసగా చస్తున్నాయి అంటే అప్పుడు ఆగి ఆలోచించాలి. మీ ఓనరు గారు చెప్పిన పని మాత్రం అప్పుడు అస్సలు చేయకూడదు. ఎందుకో వివరంగా చెబుతాను, ఇది తెలియక పాతకాలంలో చాలా ప్రాణాలు పోయాయి.

ప్లేగు ఎలుక నుంచి నేరుగా మనకి రావడం తక్కువ. ఎలుక వెంట్రుకల్లో ఫ్లీ అనే పురుగు ఉంటుంది, నువ్వుగింజ కంటే చిన్నది, రెక్కలుండవు, కానీ గెంతుతుంది. జబ్బు ఎలుక రక్తం తాగాక క్రిమి ఆ పురుగు కడుపులో పెరిగి ముద్దకట్టి, గొంతులో మెతుకు అడ్డం పడ్డట్టు దారి మూసేస్తుంది. ఎంత తాగినా రక్తం లోపలికి దిగదు, ఆకలి తీరదు, అందుకని పిచ్చిగా మళ్లీ మళ్లీ కుడుతుంది, కుట్టిన ప్రతిసారీ తాగిన రక్తం క్రిములతో సహా వెనక్కి మన ఒంట్లోకి కక్కుతుంది. ఎలుక బతికున్నంతవరకు ఆ పురుగులకి ఎలుకే ఇల్లు. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే దిగి, వెచ్చగా ఉన్న ఇంకో ఒంటి కోసం వెతుక్కుంటాయి. ఆ వేళకి తోక పట్టుకున్న హమాలీ చెయ్యి దొరికిందంటే అంతే. 1898లో కరాచీలో ఫ్రెంచి డాక్టరు పాల్ లూయీ సిమోన్ ఈ గుట్టు పట్టుకున్నాడు. అప్పటికి రెండేళ్లుగా బొంబాయిలో ప్లేగు ఉంది, ఇళ్లు కడుగుతున్నారు, సామాన్లు తగలబెడుతున్నారు, పురుగు సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయన మాట నమ్మడానికి కూడా జనానికి ఇంకొన్నేళ్లు పట్టింది.

అందుకని క్రమం ఇది: ముందు పురుగుని చంపాలి, ఆ తర్వాతే ఎలుకని. ప్లేగు అనుమానం ఉన్నచోట ఎలుకలకి ఒక్కసారిగా మందు పెట్టారంటే వేలాది పురుగులు ఒకేరోజు ఇల్లు లేనివవుతాయి, మనుషుల మీద పడతాయి. మీ పీహెచ్‌సీకి కబురు చేయండి, వాళ్లు జిల్లా వైద్యాధికారికి చెబుతారు, కన్నాల దగ్గర, ఎలుకలు తిరిగే దారుల్లో పురుగుమందు పొడి చల్లే పని వాళ్లు చూసుకుంటారు, చచ్చిన ఎలుకల్ని పరీక్షకి కూడా పంపుతారు. వాళ్లు వచ్చేలోపు హమాలీలని ఆ మూలకి పోనివ్వకండి. తప్పక తీయాల్సి వస్తే ఎలుక మీద దూరం నుంచి పురుగుల స్ప్రే బాగా కొట్టి, కాసేపాగి, గ్లవ్స్ వేసుకుని పొడుగాటి పటకారుతో మందపాటి కవర్లో వేసి మూతి కట్టండి. చీపురుతో ఊడవొద్దు. చెప్పుల్లేకుండా ఎవరినీ లోపలికి పంపొద్దు. ఈ కాలమ్ చదివే మిల్లు ఓనర్లకి కూడా ఒక మాట, గ్లవ్స్ జత ఖరీదు ఎంతో మీకు తెలుసు, దయచేసి కొనిపెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయికి గజ్జలో బిళ్ల కట్టింది. నొప్పి అంటున్నాడు గానీ స్కూలుకి వెళ్లొచ్చాడు. ఫోన్‌లో వెతికితే ప్లేగు అని వచ్చింది. నిన్నటి నుంచి నాకు నిద్ర లేదు. — ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు వాడి కాలు చూడండి. వేళ్ల మధ్య పుండు, గోరు దగ్గర చీము, ఆటలో తగిలిన దెబ్బ ఏదో ఒకటి కనబడుతుంది. గజ్జలో బిళ్ల కట్టడానికి మన పిల్లల్లో మామూలు కారణం అదే, పుండు మానితే బిళ్ల కరుగుతుంది. మీ వైపు బోదకాలు ఉన్న ప్రాంతం కాబట్టి బిళ్ల మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ పరీక్ష కూడా చేయించండి.

ప్లేగు బిళ్ల ఇలా ఉండదు. ఉన్నట్టుండి చలితో 103, 104 జ్వరం, విపరీతమైన నీరసం, ఒకటి రెండు రోజుల్లో గజ్జలోనో చంకలోనో మెడలోనో కోడిగుడ్డంత వాపు, దాని మీద లుంగీ తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. గజ్జలో అయితే మనిషి కాలు చాపలేడు, మోకాలు ముడుచుకునే పడుకుంటాడు. మీ వాడు స్కూలుకి వెళ్లొచ్చాడని మీరే రాశారు. డాక్టర్‌కి చూపించండి, టెన్షన్ పడకుండా నిద్రపోండి.

ప్రశ్న: ప్లేగుకి టీకా ఉందా? లేకపోతే మాత్రలైనా ముందే కొని ఇంట్లో పెట్టుకోవచ్చా? — ముగ్గురు పాఠకులు ఇదే అడిగారు

జవాబు: టీకా మన గడ్డ మీదే తయారైంది. వాల్డెమార్ హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో చిన్న ల్యాబ్ పెట్టుకుని, 1897 జనవరి 10న మొదటి సూది తనకే వేయించుకున్నాడు. లక్షల మందికి వేశారు. 1902లో పంజాబులోని ముల్కోవాల్‌లో ఒక సీసా మందు పాడై 19 మంది ధనుర్వాతంతో చనిపోతే నింద ఆయన మీద పడింది, అది ఆయన తప్పు కాదని తేలడానికి ఏళ్లు పట్టింది. ఆ టీకా కొంతవరకే కాపాడేది, కొన్ని నెలలే పనిచేసేది, జ్వరం, నొప్పులు బాగా వచ్చేవి. ఇప్పుడు మామూలు జనానికి ప్లేగు టీకా వేయరు. ల్యాబుల్లో ఈ క్రిమితో పనిచేసే వాళ్ల లాంటి కొద్దిమంది సంగతి వేరు.

టీకా లేదని బెంగ వద్దు, మందు ఉంది కాబట్టి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ అన్నీ ప్లేగుని లొంగదీస్తాయి. మన ఊళ్లలో జ్వరం రాగానే అలవాటుగా కొనుక్కునే అమాక్సిసిలిన్, ఆ పెన్సిలిన్ కుటుంబం మందులు దీనికి నమ్మదగినవి కావు. ఇంట్లో మాత్రలు దాచుకోవద్దనడానికి ఇదొక కారణం, తెలియని మాత్ర మింగి రెండు రోజులు పోగొట్టుకుంటారు. మందు పడకపోతే బిళ్లల ప్లేగు వచ్చిన పదిమందిలో ముగ్గురి నుంచి ఆరుగురి వరకు పోతారు. ఊపిరితిత్తుల రకం వస్తే మందు లేకుండా బతకడం దాదాపు అసాధ్యం, లక్షణాలు మొదలైన 24 గంటల్లోపు మందు పడాలి. ఆ రోజు మెడికల్ షాపులో గడిచిపోకూడదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. సూరత్‌లో జనం ఎగబడి కొన్న టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి మందు ఆరియోమైసిన్. అమెరికాలోని లెడర్లీ సంస్థలో బెంజమిన్ డగ్గర్ దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసి 1948లో లోకానికి చెప్పాడు. ఆ సంస్థ పరిశోధనలన్నిటికీ డైరెక్టర్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. మన పిల్లలకి ఈ పేరు ఇంకా గట్టిగా చెప్పాలి.

ప్రశ్న: మేం ఫీనిక్స్‌లో ఉంటాం. 2025 జులైలో అరిజోనాలోనే ప్లేగుతో ఒకరు చనిపోయారని విన్నాక అత్తమ్మ ఇండియా నుంచి రోజూ ఫోన్, వచ్చేయండి అని. మాకు పిల్లి ఉంది, గ్రాండ్ కాన్యన్ ట్రిప్ ప్లాన్ చేసుకున్నాం. మానుకోవాలా? — ఒక పాఠకురాలు, అరిజోనా

జవాబు: మానుకోకండి. ఆ మరణం నిజమే, ఉత్తర అరిజోనాలోని కోకొనినో కౌంటీలో. అయితే అమెరికాలో ప్లేగు కొత్తగా రాలేదు. 1900 ప్రాంతంలో ఓడల్లో వచ్చిన ఎలుకలతో దిగి, అక్కడి ఉడతలు, ప్రెయిరీ డాగ్‌లలో (బొరియల్లో ఉండే ఉడత జాతి జంతువులు) స్థిరపడిపోయింది. దేశం మొత్తం మీద సగటున ఏడాదికి ఏడు కేసులు వస్తాయి, అంతే, అవీ ఎక్కువగా అరిజోనా, న్యూమెక్సికో, కొలరాడో, కాలిఫోర్నియాల్లోనే. మీరు హైవే మీద కారులో వెళ్లడంలో ఉన్న ప్రమాదం దీనికంటే చాలా ఎక్కువ, సీటు బెల్టు పెట్టుకోండి.

అసలు జాగ్రత్త పడాల్సింది పిల్లి విషయంలో. 2024లో ఆరెగాన్‌లో ఒకాయనకి ప్లేగు వచ్చింది, ఇంట్లో పిల్లికి జబ్బు చేసి దాని నుంచే అంటుకుని ఉంటుందని అక్కడి అధికారులు చెప్పారు. కుక్కలకి జబ్బు పెద్దగా చేయదు, పిల్లులకి మాత్రం గట్టిగా చేస్తుంది, దగ్గి మనకి అంటించగలవు కూడా. పిల్లిని బయట వేటకి వదలకండి, ఫ్లీ మందు నెలనెలా వేయించండి, పక్కలో పడుకోబెట్టుకోకండి. దాని దవడ కింద వాచి, జ్వరంతో మూలకి కూర్చుంటే మీరు దాని నోరు తెరిచి చూడకుండా నేరుగా వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేయండి. ట్రిప్‌లో పిల్లలు ఉడతలకి చిప్స్ పెడతామంటారు, పెట్టనివ్వకండి. ప్రెయిరీ డాగ్‌ల బొరియలు ఉన్నచోట టెంటు వేయకండి, నిన్నటిదాకా సందడిగా ఉన్న బొరియలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే అక్కడి పార్కు సిబ్బందికి చెప్పండి.

తిరిగొచ్చిన వారంలో ఎవరికైనా గట్టి జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టర్‌కి ముందే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. వెంటనే ఇండియా వస్తే ఇక్కడి డాక్టర్‌కి కూడా అదే చెప్పండి, ఎందుకంటే ఆ మాట లేకుండా ఇక్కడ ఎవరికీ ప్లేగు తట్టదు, డెంగీ పరీక్షలు రాసి పంపేస్తారు. అత్తమ్మకి ఈ జవాబు ఫార్వార్డ్ చేయండి.

ప్రశ్న: చార్మినార్ ప్లేగు తగ్గినందుకు కట్టారని, బోనాలు ప్లేగు వల్లే మొదలయ్యాయని అంటారు. నిజమేనా? — ఒక విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: చార్మినార్ 1591లో కట్టినమాట నిజం, ప్లేగు సంగతి మాత్రం ప్రచారంలో ఉన్న కథ, చరిత్రకారులందరూ ఒప్పుకోరు. ఉజ్జయిని మహంకాళి బోనాల కథలో 1813 నాటి మహమ్మారిని కొందరు ప్లేగంటారు, కొందరు కలరా అంటారు. డాక్టరుగా ఆ కథ వింటే నేను వెతికేది రెండే, ఎలుకలు రాలాయా, మనుషులకి బిళ్లలు కట్టాయా అని. ఆ రెండూ కథలో లేవు. అమ్మవారి మీద భక్తికి జబ్బు పేరుతో పని లేదు, నువ్వు హాయిగా బోనాలకి వెళ్లు.

ప్రశ్న: అయ్యా, మాది కర్ణాటక సరిహద్దు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్లు మా చేలల్లో బోన్లు పెట్టి ఎలుకలు పట్టుకుపోయారు. వీధికుక్కల రక్తం కూడా తీసుకున్నారు. అడిగితే ప్లేగు పరీక్ష అన్నారు. మా ఊళ్లో జబ్బుందని మాకు చెప్పకుండా దాస్తున్నారా? — ఒక రైతు, పలమనేరు

జవాబు: దాచడం కాదండీ, కాపలా కాయడం. 1966లో కేసులు వచ్చిన ముళబాగిలు మీకు పొరుగే కదా. కోలారు, చిత్తూరు, తమిళనాడు సరిహద్దులు కలిసే ఆ మెట్ట ప్రాంతంలో, బొరియల్లో ఉండే అడవి ఎలుకల్లో ప్లేగు క్రిమి ఒకప్పుడు తిష్ట వేసుకుని ఉండేది. మనుషుల్లో కేసులు లేకపోయినా అడవి ఎలుకల్లో ఏళ్ల తరబడి సద్దుమణిగి ఉండి, మళ్లీ బయటపడటం దీనికి అలవాటు. హిమాచల్‌లో 2002లో, ఉత్తరకాశీ జిల్లాలో 2004లో అలాగే బయటపడింది. అందుకే కేంద్ర ప్రభుత్వానికి బెంగళూరులో ప్లేగు నిఘా కేంద్రం ఒకటి ఉంది. ఎలుకని పట్టి, ఒంటి మీద ఫ్లీ పురుగులు ఎన్ని ఉన్నాయో దువ్వి లెక్కపెట్టి, రక్తం పరీక్ష చేస్తారు. కుక్క రక్తం ఎందుకంటే, కుక్క చచ్చిన ఎలుకల్ని తింటుంది, దానికి జబ్బు పెద్దగా చేయదు గానీ రక్తంలో ఆనవాళ్లు మిగులుతాయి. పది కుక్కల్ని పరీక్షిస్తే చుట్టుపక్కల చేలన్నిటి కబురూ తెలుస్తుంది.

జబ్బుని ఆలస్యంగా గుర్తిస్తే ఏమవుతుందో మడగాస్కర్ చెబుతుంది. అక్కడ 2017లో కొన్ని నెలల్లోనే 2,400కి పైగా కేసులు, 209 మరణాలు, ఎక్కువ భాగం ఊపిరితిత్తుల రకమే. మొదట్లో ఒకాయన ప్లేగని తెలియక మామూలు జ్వరమనుకుని టాక్సీలో ఊరు మారాడు.

కాబట్టి వాళ్లొస్తే బోన్లు పెట్టుకోనివ్వండి, చేలో బొరియలు ఎక్కువున్న గట్టు మీరే చూపించండి. బోనులో పడ్డ ఎలుక జోలికి పిల్లల్ని పోనివ్వకండి. వాళ్ల ఫోన్ నంబరు తీసి పెట్టుకోండి, ఎవరూ మందు పెట్టకుండా చేలో ఎలుకలు రాలాయంటే ఆ పూటే వాళ్లకి చెప్పండి.